కొండెక్కి ఎవరొస్తారు?

పాడేరు ఏజెన్సీలో బడులు, వైద్య శిబిరాలు నడిపే ఒక స్వచ్ఛంద సంస్థకు నేను కార్యదర్శిని. మా దగ్గర ఫైనాన్స్ హెడ్ నిలవడం లేదు. మంచి సీఏలే వస్తారు, ఏడాది తిరక్కుండా వెళ్లిపోతారు. ఒకాయన భార్య ఘాట్ రోడ్డులో వాంతులు చేసుకుని మళ్లీ ఇటువైపు చూడలేదు. ఇంకొకాయన కూతురి ఇంటర్ కోసం విశాఖ దిగిపోయాడు. జీతం పెంచుదామంటే, విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి పడిపోయింది. ఆ జీతం అందులోకే వస్తుంది. ఎవరూ లేనప్పుడు మా అకౌంటెంట్ అమ్మాయి నెట్టుకొస్తూంటుంది. ఇక్కడి గిరిజన అమ్మాయే, బీకాం. కిందటేడు ఆడిట్ కూడా తనే గట్టెక్కించింది. కానీ ఆమె స్థాయి అది కాదు కదా! రేపు పెళ్లయితే ఉంటుందన్న నమ్మకమూ లేదు. మా ఆవిడేమో ఇక చాలించి కొడుకు దగ్గరికి పోదామంటోంది. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అనుభవమున్న మనిషిని ఇక్కడ నిలబెట్టుకునే దారి చెప్పండి.
– ఒక కార్యదర్శి, అల్లూరి సీతారామరాజు జిల్లా

కార్యదర్శి గారూ,

మీరు అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను. ఇంటర్వ్యూ విశాఖ హోటల్లో కాదు, మీ ఆఫీసులోనే పెట్టండి. భార్యాభర్తలిద్దరినీ పిలిచి, వీలైతే మంచి వానల్లో, రెండు రాత్రులు ఉంచండి. ఉండగలరో లేదో వాళ్లకే తెలుస్తుంది. పిల్లల చదువులు ఒడ్డెక్కినవాళ్లను, రిటైరైన బ్యాంకు అధికారులను వెతకండి. నెలకు రెండుసార్లు వచ్చిపోయే సీఏ సరిపోతాడేమో కూడా చూడండి. ఇవేవీ మీకు తెలియనివి కావు.

నేను ఈ ఉత్తరం తీసుకున్నది మీరు దారిలో అనేసి వెళ్లిపోయిన ఒక్క మాట కోసం: 'ఆమె స్థాయి అది కాదు కదా!'

ఎవరు కొలిచారండీ ఆ స్థాయి? కుర్చీ ఖాళీ అయితే ఆమె కావాలి. ఎవరో కొండెక్కి రాగానే మళ్లీ వెనక బల్ల దగ్గరికి పోవాలి. వచ్చిన ప్రతి పెద్దమనిషికీ ఫైళ్లు తీసి పని చూపించిందెవరో మీరు రాయలేదు గానీ నేను చెప్పగలను. సంతలో కొన్న కూరగాయలకు బిల్లు రాదని, దానికి వేలిముద్ర వోచరు ఎలా రాయాలో ఆమెకు తెలుసు. ఒకరికి ఒకే రోజు పది వేలు దాటి నగదిస్తే ఆదాయపు పన్ను లెక్కలో అది ఖర్చుగా చెల్లదని జీపు యజమానికి కోపం రాకుండా చెప్పగలదు. ఢిల్లీ స్టేట్ బ్యాంకులో పడ్డ విదేశీ డబ్బులో ఏ రూపాయి బడిదో, ఏ రూపాయి మందులదో విడదీసి డిసెంబరు 31లోగా కేంద్ర హోంశాఖకు లెక్క పంపడం మామూలు పని కాదు. ఆడిట్ చేసే బయటి ఆయన సీఏ అయి ఉండాలి, నిజమే. మీ ఆఫీసులో కూర్చునే ఫైనాన్స్ హెడ్ కూడా సీఏ అయి తీరాలని ఏ చట్టం చెప్పింది?

ఇక పెళ్లి సంగతి. మిమ్మల్ని వదిలి వెళ్లిపోయినవాళ్లు పెళ్లయిన మగవాళ్లే కదా! పెళ్లి చేసుకుని పారిపోతుందన్న అనుమానం మాత్రం ఉన్న ఊళ్లోనే ఉన్న ఆ అమ్మాయి మీద!

మన ఇళ్లలోనూ ఇదే తంతు. అమ్మానాన్నల మాత్రలు, బ్యాంకు పనులు, ఆసుపత్రి క్యూలు, అన్నీ దగ్గరున్న కూతురు చూసుకుంటుంది. పొలం కాగితాల మాట వచ్చేసరికి డాలస్‌లో ఉన్న కొడుకు నిద్ర లేచేదాకా అందరూ ఆగుతారు. వాడికి ఆ పొలం ఏ గట్టున ఉందో కూడా గుర్తుండదు. అయినా పెద్దరికం వాడిదే. చేసేవాళ్లు చేస్తూనే ఉంటారన్న ధీమా మనకి. చేసినవాళ్లు ఒంట్లో బాగాలేని రోజున గానీ లెక్కకు రారు. అప్పుడైనా 'పాపం' అంటాం తప్ప హక్కు ఇవ్వం.

మీరూ 'ఇన్‌ఛార్జి' అని ఓ కాగితం రాసిచ్చి చేతులు దులుపుకుంటారేమోనని నా భయం. ఆ కుర్చీ పూర్తిగా ఆమెకే ఇవ్వండి. పట్నం నుంచి వచ్చే ఆయనకు ఎంత ఇవ్వాలనుకున్నారో ఆమెకూ అంతే ఇవ్వండి. తక్కువకు దొరికింది కదా అని సంబరపడకండి. లెక్క రాసే చెయ్యి, చెక్కు మీద సంతకం పెట్టే చెయ్యి ఒకటే కాకూడదు, కాబట్టి ఆమె పాత పనికి మరొకరిని తీసుకోండి. వచ్చిపోయే సీఏ ఆమెకు సలహాదారుగా ఉండాలి, నెత్తిన కూర్చోకూడదు. సీఎంఏ (కాస్ట్ అండ్ మేనేజ్‌మెంట్ అకౌంటెన్సీ) కోర్సు ఉద్యోగం చేసుకుంటూ చదవొచ్చు. ఫీజు సంస్థ కట్టాలి. డోనర్లతో ఇంగ్లీషులో మాట్లాడలేదంటారా, అప్పుడు పక్కన మీరు కూర్చోండి.

ఆమె వద్దనవచ్చు కూడా. అంటే ఎందుకో అడగండి. భయమా, ఇంటి ఇబ్బందా, లేక ఇన్నాళ్లూ మీరు చూసిన తీరా? చివరిదే అయితే ఒప్పుకోవడానికి సిద్ధపడి వెళ్లండి.

కొత్త ప్రకటన పేపరుకు పంపే ముందు మీ ఆవిడనూ ఓ మాట అడగండి. ఆ అమ్మాయి గురించి ఆవిడ మీకిదివరకే చెప్పి ఉంటారని, మీరే వినిపించుకోలేదని నా అనుమానం.