బండి కొందామా?

దసరా వస్తోందంటే తెలంగాణలో చాలా ఇళ్లలో బండి మాట వస్తుంది. షోరూముల ముందు మామిడి తోరణాలు కడతారు. కొత్త బండ్లకు బంతిపూల దండలు వేసి వరుసగా నిలబెడతారు. చూస్తే ఎవరికైనా మనసు పోతుంది.

ఒక ఇంటి లెక్క చూద్దాం. ఇది లెక్క నేర్చుకోవడానికి చెప్పుకునే ఇల్లు. కాని ఇలాంటి ఇల్లు మీ వాడలో కూడా ఉంటుంది.

సిద్దిపేటకు 14 కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. భార్య ఇంట్లో బీడీలు చేస్తుంది. భర్తది మేస్త్రీ పని. పని దొరికిన రోజు 900 రూపాయలు వస్తాయి. రోజూ సిద్దిపేటకు పోయి కూలీల అడ్డా మీద నిలబడాలి. పని చేయించుకునేవాళ్లు పొద్దున్నే వచ్చి, కావలసినవాళ్లను తీసుకుపోతారు. ఊరి బస్సు ఎనిమిదిన్నరకు గాని అక్కడికి చేరదు. అప్పటికి అడ్డా సగం ఖాళీ అవుతుంది. పని దొరకని రోజు ఆయన టిఫిన్ డబ్బాలో అన్నం అట్లాగే పెట్టుకుని ఇంటికి వస్తాడు.

ఒక రాత్రి ఆయన అన్నాడు.

"బండి కొందాం. పొద్దున ఏడింటికే అడ్డా మీద ఉంట. నెలకు తొమ్మిది రోజులు ఉత్తగ పోతున్నయి. ఆ పైసలతోనే కిస్తు కట్టచ్చు. నీకు కూడా బస్సు ఖర్చు తప్పుతది."

"నాకు బస్సు ఖర్చు ఎక్కడున్నది?" అని ఆమె నవ్వింది.

నిజమే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఇలాంటి పథకమే మొదలైంది. కాబట్టి ఈ లెక్కలో ఆమె బస్సు ఖర్చు సున్నా. ఆయనది మాత్రం రోజుకు 50 రూపాయలు.

ఇద్దరూ షోరూముకు పోయారు. బోర్డు మీద 75,000 అని ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అదే మాట అక్కడి అబ్బాయి నాలుగుసార్లు చెప్పాడు. కాని బోర్డు ధరకు బండి రోడ్డెక్కదు. జీవిత పన్ను కట్టాలి. ఇన్సూరెన్సు కట్టాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు ఉంటుంది. అన్నీ కలిపితే 93,000 అయింది.

"21,000 ఇప్పుడు కట్టండి అక్కా. మిగిలిన 72,000 ఫైనాన్సు. నూటికి ఏడాదికి పదే వడ్డీ. నెలకు 2,600 కిస్తు. మూడేండ్లు" అన్నాడు ఆ అబ్బాయి.

ఆమె వెంటనే సంతకం పెట్టలేదు. కాగితం మీద అంకెలు రాయించుకుని ఇంటికి తెచ్చింది. సంఘం మీటింగులో ముందు పెట్టింది.

సంఘం లీడరు లెక్క చేసింది.

"72,000కు నూటికి పది అంటే ఏడాదికి 7,200. మూడేండ్లకు 21,600. అసలు, వడ్డీ కలిపితే 93,600. ముందు కట్టే 21,000 కూడా కలుపు. మొత్తం 1,14,600. బోర్డు మీద 75,000 ఉన్న బండి మనకు ఇంతకు పడుతున్నది."

"నూటికి పది తక్కువే కద" అంది ఒకామె. "మన సంఘంల రూపాయి వడ్డీ అంటే ఏడాదికి పన్నెండు."

ఇక్కడే చాలామంది పొరపడతారు. నిదానంగా చదవండి.

ఫైనాన్సు అబ్బాయి చెప్పిన వడ్డీని ఫ్లాట్ వడ్డీ అంటారు. అందులో వడ్డీని మొదటి రోజు ఉన్న అప్పు మీదే లెక్క వేస్తారు. ఏడాదిన్నర కట్టాక అసలు సగం తీరిపోతుంది. అయినా వడ్డీ 72,000 మీదే నడుస్తుంది. తీరిపోయిన అప్పుకు కూడా వడ్డీ కడుతున్నామన్నమాట. తగ్గే అప్పు మీద లెక్క వేసి చూస్తే అది ఏడాదికి నూటికి 18 దాకా పోతుంది. అంటే మన భాషలో రూపాయిన్నర వడ్డీ.

సంఘంలో వడ్డీ మిగిలిన అప్పు మీదే వేస్తారు. అదే 72,000 రూపాయి వడ్డీకి తీసుకుని, నెలకు 2,000 అసలు కట్టారనుకోండి. మొదటి నెల వడ్డీ 720. రెండో నెల అప్పు 70,000. వడ్డీ 700. అట్లా తగ్గుతూ పోయి చివరి నెల 20 రూపాయలే. మూడేళ్లకు మొత్తం వడ్డీ 13,320. ఫైనాన్సులో అయితే 21,600. తేడా 8,280 రూపాయలు.

అందుకే అప్పు ఇచ్చేవాళ్లను "వడ్డీ ఎంత?" అని మాత్రమే అడిగితే చాలదు. "ఫ్లాట్ వడ్డీనా, తగ్గే వడ్డీనా?" అని అడగాలి. "నేను మొత్తం ఎంత కడతాను?" అని కూడా అడగాలి. జవాబు కాగితం మీద రాయించుకోవాలి.

తర్వాత నెల ఖర్చు లెక్క వేశారు. రోజుకు 30 కిలోమీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్లు వస్తుందనుకున్నారు. పెట్రోలు లీటరు 108 రూపాయలు అనుకున్నారు. రోజుకు 65 రూపాయలు. 26 రోజులకు 1,690. ఆయిలు, టైర్లు, చైను, బ్రేకులు, రిపేరు కోసం నెలకు 400 పక్కన పెట్టాలి. కిస్తు 2,600. అన్నీ కలిపితే 4,690. బస్సుకు ఇప్పుడు 1,300 అవుతోంది. అంటే బండి వస్తే నెలకు 3,390 అదనం. అది ఆయనకు నాలుగు రోజుల కూలి.

"నాలుగు రోజుల పని ఎక్కువ దొరికితే బండి తన ఖర్చు తాను పెట్టుకుంటది. దొరకకుంటే నీ బీడీల పైసలు తింటది" అంది లీడరు.

ఆమె గోడకున్న క్యాలెండరు తీసింది. నెల రోజులు గుర్తులు పెట్టింది. బస్సు ఆలస్యమై పని పోతే "బ" అని రాసింది. త్వరగా పోయినవాళ్లకు కూడా పని లేకపోతే "ప" అని రాసింది. నెల అయ్యాక ఇద్దరూ కూర్చుని లెక్కపెట్టారు. 26 రోజులు పోయాడు. 17 రోజులు పని దొరికింది. 9 రోజులు ఉత్త చేతులతో వచ్చాడు. ఆయన చెప్పింది సరిగానే ఉంది. కాని ఆ తొమ్మిదిలో "బ"లు 5, "ప"లు 4. పని లేని రోజున బండి మీద పోయినా పని ఉండదు. బండి తెచ్చిపెట్టేది తొమ్మిది రోజులు కాదు, ఐదు రోజులు.

ఐదు రోజులకు 4,500. అదనపు ఖర్చు 3,390 పోతే 1,110 మిగులుతుంది. కొనవచ్చు అనిపిస్తుంది. కాని వానాకాలంలో కట్టడం పని ఆగిపోతుంది. కిస్తు ఆగదు. కిస్తు తప్పితే జరిమానా పడుతుంది. తప్పుతూనే పోతే ఫైనాన్సు వాళ్లు బండి పట్టుకుపోతారు.

సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. ఆమెకు చదువు కొంచెమే వచ్చు. లెక్క మాత్రం నోటి మీద ఉంటుంది.

"రాజీవ్ రహదారి మీ ఊరికి మూడు కిలోమీటర్లే కద బిడ్డా. అక్కడ పొద్దుగాల నుంచి బస్సులు దొరుకుతయి. సైకిలు మీద అందాక పోయి, చాయ్ హోటల్ కాడ పెట్టి, బస్సెక్కితే కాదా?" అని అడిగింది.

భర్తకు ఈ మాట నచ్చలేదు. పనిముట్ల సంచి బరువు ఉంటుంది. సాయంత్రం అలిసిపోయి మళ్లీ మూడు కిలోమీటర్లు తొక్కాలి. ఆయన కష్టం కూడా లెక్కలో ఉండాలి. మనం ఇంట్లో కూర్చుని "తొక్కితే ఏమైంది?" అనడం సులభం. అయినా ఒక నెల చూద్దామని ఒప్పుకున్నాడు.

ఆ నెల "బ"లు ఐదు నుంచి రెండుకు తగ్గాయి.

ఇప్పుడు బండి కొత్తగా తెచ్చేది రెండు రోజుల కూలే. అంటే 1,800. అదనపు ఖర్చేమో 3,390. నెలకు 1,590 చేతి నుంచి పడుతుంది.

సంఘంలో ఆశా వర్కర్ ఒకామె ఉంది. ఆమె స్కూటీ మీద తిరుగుతుంది. ఆమె వేరే సంగతి అడిగింది.

"బండి ఎవరి పేరు మీద కొంటరు?"

"అప్పు నా పేరు మీద. బండి కూడా నా పేరు మీదనే ఉండాలె" అంది ఆమె.

"మంచిదే. కాని తెలుసుకో. బండి ఎవరి పేరున ఉంటే బాధ్యత వాళ్లది. నీ కొడుకు ఇంటర్ చదువుతున్నడు. ఇంకా పద్దెనిమిది నిండలేదు. తాళాలు తీసుకుపోయి దొరికితే 25,000 జరిమానా. తల్లిదండ్రులకో, బండి గలవాళ్లకో మూడేండ్ల దాకా జైలు కూడా పడచ్చు. 2019 నుంచి చట్టం అట్లా ఉన్నది."

ఇన్సూరెన్సు గురించి కూడా ఆమె చెప్పింది. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. అది మన బండి తగిలి దెబ్బతిన్న ఎదుటివాళ్ల కోసం. మన బండి పగిలితే, దొంగలు ఎత్తుకుపోతే అది పైసా ఇవ్వదు. దానికి వేరే ఇన్సూరెన్సు కట్టాలి. బండి యజమానికి 15 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. అది వర్తించాలంటే యజమానికి లైసెన్సు ఉండాలి. బండి భార్య పేరున ఉండి, నడిపేది భర్త అయితే ఆ బీమా ఆయనకు రాదు.

"అయితే ఏం చేయాలె?"

"నువ్వు కూడా నేర్చుకో. మోటారు సైకిలు అయితే ముందర ట్యాంకు అడ్డం. చీర కట్టుకొని నడపడం కష్టం. స్కూటీ అయితే ఇద్దరూ నడపచ్చు. పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతది. ముందు లెర్నింగ్ లైసెన్సు తీసుకో. అది ఆరు నెలలు ఉంటది. నెల దాటినంక పరీక్షకు పోవచ్చు."

తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలోనే ఆడవాళ్లకు సైకిలు నేర్పించారు. వేలమంది నేర్చుకున్నారు. అక్షరాలు నేర్చుకున్న వయసులోనే సైకిలు నేర్చుకున్నవాళ్లు వాళ్లు. స్కూటీ అంతకంటే కష్టమేమీ కాదు.

వెనక కూర్చునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. చీర కొంగు, చున్నీ చక్రంలో పడి ప్రాణాలు పోయిన సంగతులు మనం వింటూనే ఉన్నాం. మోటారు సైకిలు వెనక చక్రానికి సగమైనా కప్పే రక్షణ ఉండాలని నిబంధన ఉంది. అది బిగించాకే బండి తీసుకోండి. కొంగు నడుముకు దోపుకోండి. హెల్మెట్ నడిపేవాళ్లకే కాదు, వెనక కూర్చున్నవాళ్లకూ ఉండాలి. ఐఎస్ఐ గుర్తు చూసి రెండు కొనండి. ఆ ఖర్చు కూడా లెక్కలో రాయండి.

ఆ దసరాకు వాళ్లు బండి కొనలేదు. దాచిన 21,000 కదిలించలేదు. నెలకు 1,500 చొప్పున దానికి కలుపుతున్నారు. ఏడాదికి 18,000 అవుతుంది. అప్పుడు 93,000 బండికి 54,000 అప్పు చాలు. క్యాలెండరు మీద "బ", "ప" రాయడం ఆమె మానలేదు. "వచ్చే దసరాకు చూద్దాం" అన్నాడు భర్త. "స్కూటీ అయితేనే" అంది ఆమె.

లెక్క చేయండి

54,000 అప్పు. నెలకు 1,500 అసలు కడతారు. మిగిలిన అప్పు మీద రూపాయి వడ్డీ. మొదటి నెల వడ్డీ ఎంత? రెండో నెల ఎంత? అప్పు తీరడానికి ఎన్ని నెలలు పడుతుంది?

మీ ఊరికి మొదటి బస్సు ఎన్ని గంటలకు వస్తుంది? చివరి బస్సు ఎప్పుడు? బస్సు లేక మీ ఇంట్లో ఎవరి పని ఎన్ని రోజులు పోయిందో ఈ నెల క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. వచ్చే మీటింగుకు ఆ క్యాలెండరు తీసుకురండి.