హజార్డస్ గడువు ఎప్పటిదాకా?

పెట్రోలు ట్యాంకరో, గ్యాస్ సిలిండర్ల లారీయో నడిపే డ్రైవరు లైసెన్సుకు ఒకటి కాదు, మూడు గడువులుంటాయి. సొంత బండ్లకు ఒకటి, ట్రాన్స్‌పోర్టు బండ్లకు ఒకటి, ప్రమాదకరమైన సరుకుకు ఇంకొకటి. మొదటిది చాలా ఏళ్లు నడుస్తుంది. రెండోది ఐదేళ్లు. డ్రైవర్లంతా ‘హజార్డస్’ అనే మూడోది మాత్రం మూడేళ్లే. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించకముందు అది ఏడాదే ఉండేది. కార్డు మీద దూరంగా ఉన్న తేదీ చూసుకుని ధీమాగా ఉన్నవాళ్లు ఈ మూడో తేదీ దగ్గర చిక్కుకుంటున్నారు.

ఆ సవరణ ఒక వెసులుబాటును కూడా తీసేసింది. అంతకుముందు గడువు దాటినా 30 రోజులు లైసెన్సు చెల్లేది. ఇప్పుడు ఒక్క రోజు కూడా చెల్లదు. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు పెట్టుకోవచ్చు గనక ఆఖరి వారం దాకా ఆగొద్దు. గడువు దాటాక ఏడాదిలోపు పెట్టుకున్నా మళ్లీ టెస్టు ఉండదు, కానీ రెన్యువల్ ఇచ్చిన రోజు నుంచే లెక్క. మధ్యలో నడిపిన రోజులన్నీ లైసెన్సు లేకుండా నడిపినట్టే. ఏడాది దాటితే టెస్టుకు వెళ్లాల్సిందే.

రెన్యువల్‌కు డాక్టరు ఇచ్చే ఫారం 1ఎ, రిఫ్రెషర్ శిక్షణ సర్టిఫికెట్ కావాలి. లైసెన్సు తీసుకున్న ఊరికే తిరిగి వెళ్లాలని చట్టంలో లేదు. 15వ సెక్షన్ ప్రకారం ఏ లైసెన్సింగ్ అధికారి అయినా రెన్యువల్ చేయవచ్చు.

శిక్షణ గురించి గట్టిగానే చెప్పాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 9వ నియమం మొదటిసారి ఈ అనుమతి తీసుకునేవారికి మూడు రోజుల కోర్సు పెట్టింది. క్లాసుకు రానక్కర్లేదు, డబ్బిస్తే కాగితం తెచ్చిస్తానని ఏజెంటు అంటే ఒప్పుకోకండి. ట్యాంకరు మీద రాసి ఉండే నంబర్లలో 1203 అంటే పెట్రోలు, 1075 అంటే ఎల్‌పీజీ. లీకైనప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో నేర్పేది ఆ క్లాసులోనే. క్యాబిన్‌లో ఉండాల్సిన ట్రెమ్ కార్డు (ప్రమాద సమయంలో ఏం చేయాలో చెప్పే కార్డు) ఎలా చదవాలో కూడా అక్కడే చెబుతారు. సరుకు ఎలాంటిదో, దాని ప్రమాదమేమిటో పంపేవాళ్లు ఓనరుకూ డ్రైవరుకూ పూర్తిగా తెలపాలి. ఆ వివరాలు రాతపూర్వకంగా క్యాబిన్‌లో ఉండాలి. అవి లేకుండా ప్లాంటు గేటు దాటొద్దు, అడిగి తీసుకోండి.

చిన్న బండ్ల వాళ్లకు ఒక మాట. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్టు బండికి ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సు చాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో చెప్పింది. దాన్ని పట్టుకుని సిలిండర్లు వేసే చిన్న ట్రక్కుకు హజార్డస్ అక్కర్లేదని కొందరు అంటున్నారు. అది తప్పు. ప్రమాదకర సరుకు మోసే బండ్లకు ప్రత్యేక అర్హతలు అలాగే ఉంటాయని అదే తీర్పులో ఉంది.

గడువు దాటిన లైసెన్సుతో నడిపిన డ్రైవరుకు రూ.5,000, తెలిసీ బండి ఇచ్చిన ఓనరుకు రూ.5,000 జరిమానా. ప్రమాదకర సరుకు నియమాల ఉల్లంఘన కూడా తోడైతే తొలిసారే రూ.10,000 దాకా వెళుతుంది, జైలు కూడా పడవచ్చు. ప్రమాదం జరిగిందంటే భారం ఇంకా పెద్దది. బాధితులకు బీమా కంపెనీ చెల్లించి, ఆ సొమ్మును ఓనరు దగ్గర రాబట్టుకోమని కోర్టులు ఆదేశిస్తున్నాయి. ‘ఈ ఒక్క ట్రిప్పు వేసి రా, తర్వాత చూద్దాం’ అనే ఓనర్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

‘రెన్యువల్ చేయం’ అని కౌంటరు దగ్గర నోటిమాటగా అంటే వెనక్కి రావద్దు. 17వ సెక్షన్ ప్రకారం నిరాకరణకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ ఉత్తర్వు చేతికందిన 30 రోజుల్లోపు పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలు రాసిపెట్టేవారు దొరక్కపోతే 15100కు ఫోన్ చేసి, ఉచిత న్యాయ సహాయానికి అర్హత ఉందేమో అడగండి.