మర వదలకూడదు... విప్పితే రావాలి!

ఐటీఐ ఫిట్టర్ పాఠాల్లో ‘లాకింగ్ డివైజెస్’ వస్తే చాలామంది పేర్లు బట్టీపట్టి ముందుకెళ్లిపోతారు. లాక్‌నట్, క్యాజిల్ నట్, స్ప్లిట్ పిన్, స్ప్రింగ్ వాషర్, నైలాన్ ఇన్సర్ట్ నట్... బొమ్మ గుర్తుంటే మార్కు వస్తుంది. థ్రెడ్‌లాకర్ అనే జిగురుకు బొమ్మ ఉండదు కాబట్టి అక్కడ తడబడతారు. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్, టెక్నీషియన్, జూనియర్ ఇంజినీర్ పరీక్షల కోసం అమీర్‌పేట, పంజాగుట్ట హాస్టళ్లలో ఉండి చదివేవాళ్లకు దీని ఉదాహరణ గదిలోనే దొరుకుతుంది. పండ్లు కోసుకునే మడత కత్తి పిడి మర, ల్యాప్‌టాప్ హింజ్ మర, కళ్లజోడు కాడ మర. మూడింటి జబ్బూ ఒకటే. లోహం, ప్లాస్టిక్, కదిలే కీలు ఒక్కచోటే ఉన్నాయి కనక ఇక్కడ కత్తినే తీసుకుందాం.

బిగించిన మర ఎందుకు వదులవుతుంది?

సిద్ధాంతం ప్రకారమైతే వదలకూడదు. ఎం3 మర తీసుకోండి. పిచ్ 0.5 మి.మీ., పిచ్ వ్యాసం 2.675 మి.మీ. లీడ్ కోణం టాన్ విలువ = 0.5 ÷ (3.14 × 2.675) = సుమారు 0.06. అంటే కోణం 3.4 డిగ్రీలు. ఘర్షణ గుణకం 0.15 అనుకుని, మెట్రిక్ చుట్ల 60 డిగ్రీల కోణాన్ని లెక్కలోకి తెస్తే ఘర్షణ కోణం దాదాపు 9.8 డిగ్రీలు. ఘర్షణ కోణం లీడ్ కోణం కంటే ఎక్కువైతే మర తనంతట తాను తిరగదు. దీన్నే సెల్ఫ్ లాకింగ్ అంటారు.

ఈ లెక్క కదలకుండా ఉన్న మరకు మాత్రమే సరిపోతుంది. 1969లో జర్మన్ ఇంజినీరు గెర్‌హార్డ్ యుంకర్ చూపించింది ఇదే: బిగించిన రెండు ముక్కలు అడ్డంగా, అంటే మర అక్షానికి లంబంగా, అటూఇటూ జారుతుంటే ఘర్షణ ఆ జారుడును ఆపడానికే ఖర్చయిపోతుంది. మర వెనక్కి తిరగకుండా పట్టుకోవడానికి ఇక మిగిలేది దాదాపు శూన్యం. లోపల ఉన్న బిగువే మరను కొంచెం కొంచెం విప్పుతుంది. నిలువు కంపనం కంటే అడ్డ కంపనమే ప్రమాదకరమన్న మాట పరీక్షకు ముఖ్యం. ఆయన పేరుతో ఉన్న యుంకర్ టెస్టూ గుర్తుంచుకోండి.

మడత కత్తిని తెరిచి మూసిన ప్రతిసారీ కీలు మర తలను బ్లేడు పక్కకు మెలిపెడుతుంది. కోసేటప్పుడు పిడి రేకులు వెంట్రుకవాసి జారతాయి. పట్టాల దగ్గరా బాధ ఇదే. మన రైల్వేలో పట్టాను స్లీపరుకు పట్టి ఉంచే పని మర బిగువుకు వదలకుండా స్ప్రింగులా పనిచేసే ఎలాస్టిక్ రైల్ క్లిప్పుకు అప్పగించారు. అమీర్‌పేట, పంజాగుట్ట స్టేషన్ల మధ్య మెట్రోలో రోజూ తిరుగుతూనే ఉన్నాం. పైన రైలు వెళ్తుంటే కింద నిలబడి వినండి, కంపనం పాఠం సగం అక్కడే అర్థమవుతుంది.

సీసాలో ద్రవం, చుట్ల మధ్య గట్టి

థ్రెడ్‌లాకర్ అనరోబిక్ జిగురు. గాలి ఉన్నంతసేపు గట్టిపడదు. గాలి తగలని సందులో, లోహం తోడుంటేనే గట్టిపడుతుంది. డైమెథాక్రిలేట్ ఎస్టర్ మూల పదార్థం, దానికి పెరాక్సైడ్ జత. ఆక్సిజన్ ఈ చర్యను అడ్డుకుంటుంది. చుట్ల మధ్య గాలి పోగానే ఇనుము, రాగి అయాన్లు పెరాక్సైడ్‌ను విడగొట్టి పాలిమరీకరణ మొదలుపెడతాయి. దీన్ని వ్యాపారానికి పనికొచ్చేలా చేసింది అమెరికాలోని ట్రినిటీ కళాశాల రసాయనశాస్త్ర ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్, 1953లో. లాక్‌టైట్ ఆ కుటుంబం పెట్టిన పేరే. 1997లో అది జర్మనీ సంస్థ హెంకెల్ చేతికి వెళ్లింది.

ఫెవీక్విక్‌ సంగతి వేరు. అది సయనోఅక్రిలేట్, గాలిలోని తేమతో గట్టిపడుతుంది. పెళుసు. దెబ్బకు, కంపనానికి పగులుతుంది. హాస్టల్లో అందరి దగ్గరా ఉండేది అదే కాబట్టి మరలకూ అదే పూస్తారు. తర్వాత స్క్రూడ్రైవర్ పెట్టే గుంట కూడా పూడిపోయి ఉంటుంది.

రంగు చూసి కొనవచ్చా?

కొంతవరకే. లాక్‌టైట్ వరసలో ఊదా రంగు 222 తక్కువ బలం, నీలం 243 మధ్యస్థం, ఎరుపు 271 ఎక్కువ బలం. ఆకుపచ్చ 290 బిగించిన తర్వాత పక్కనుంచి పోస్తే చుట్లలోకి పీల్చుకునే రకం. ఈ రంగులను అన్ని కంపెనీలూ పాటించి తీరాలన్న ప్రమాణం లేదు. అమీర్‌పేటలో బ్లూలైన్ ఎక్కి ప్యారడైజ్‌లో దిగి రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాలకు వెళ్తే ‘నీలం ఇవ్వండి’ అనకండి; నంబరు చెప్పండి, సీసా మీద గడువు తేదీ చూడండి.

ల్యాప్‌టాప్ మరల మీద కనిపించే నీలం మచ్చ కూడా చాలామందిని పక్కదోవ పట్టిస్తుంది. అది సాధారణంగా ఫ్యాక్టరీలో అతికించిన నైలాన్ ప్యాచ్. మర వెళ్లేటప్పుడు నలిగి చుట్లను ఒత్తిపట్టుకుంటుంది. యాంత్రిక పద్ధతే తప్ప రసాయన చర్య ఉండదు.

అసలు లెక్క: జిగురు గెలిస్తే మర విరుగుతుంది

‘గట్టిది కొంటే పోలా’ అనేవాళ్లకు ఈ లెక్క చూపించాలి. ఎం10 నట్టు, బోల్టు మీద పరీక్షిస్తే 222ను విడగొట్టడానికి సుమారు 6 న్యూటన్ మీటర్లు, 243కు సుమారు 26 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. ఎం10 నట్టు ఎత్తు సుమారు 8 మి.మీ. మన కత్తి మర ఎం3, చుట్లు పట్టిన పొడవు 6 మి.మీ. అనుకుందాం. జిగురు పట్టు టార్క్ వ్యాసం వర్గానికీ, పొడవుకూ అనులోమానుపాతంలో ఉంటుంది. నిష్పత్తి: (3÷10) వర్గం × (6÷8) = 0.0675.

నీలానికి 26 × 0.0675 = సుమారు 1.75 న్యూటన్ మీటర్లు. ఊదాకు 6 × 0.0675 = సుమారు 0.4.

ఏ2-70 తరగతి స్టెయిన్‌లెస్ ఎం3 మర మెలితిప్పితే విరగడానికి ప్రమాణం చెప్పే కనీస టార్క్ 1.6 న్యూటన్ మీటర్లు. అంటే చుట్ల నిండా నీలం పూసి పూర్తిగా గట్టిపడనిస్తే జిగురు విడేలోపే మర విరగవచ్చు. దానికంటే ముందే తల గుంట అరిగి డ్రైవర్ జారిపోతుంది. ఇది అంచనా మాత్రమే, స్టెయిన్‌లెస్ మీద జిగురు పట్టు తగ్గుతుంది కూడా. అయినా దిశ స్పష్టం. కత్తిని శుభ్రం చేయడానికి, సాన పట్టించడానికి విప్పాల్సిందే కాబట్టి నా ఓటు ఊదాకే. నీలమే దొరికితే చివరి రెండు మూడు చుట్లకు ఒక చిన్న చుక్క చాలు. ఎరుపు వద్దు; దాన్ని విప్పాలంటే దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ వేడి పెట్టాలి. ఆ వేడికి ప్లాస్టిక్ పిడి కరుగుతుంది, బ్లేడు ఉక్కు పదును నిలుపుకునే గుణం కూడా దెబ్బతినవచ్చు.

లోహం ఏది, పిడి ఏది?

మామూలు ఉక్కు, ఇత్తడి చురుకైన ఉపరితలాలు. స్టెయిన్‌లెస్, టైటానియం, జింక్ పూత, ఆనోడైజ్ చేసిన అల్యూమినియం మందకొడివి. వీటికి యాక్టివేటర్ కొట్టాలి, లేదా ఎక్కువసేపు ఆగాలి. కత్తి మరలు చాలావరకు స్టెయిన్‌లెస్సే కావడంతో ‘రాశాను, పట్టలేదు’ అన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. పాలికార్బనేట్, ఏబీఎస్ ప్లాస్టిక్‌ల మీద ఈ ద్రవం ఒలికితే ఒత్తిడి ఉన్నచోట సన్నని పగుళ్లు పుడతాయి. ల్యాప్‌టాప్ హింజ్‌ల దగ్గర జాగ్రత్త అందుకే. చెక్కలోకి నేరుగా దిగే మరకు థ్రెడ్‌లాకర్ దండగ. అక్కడ ఎపాక్సీ.

పూసే ముందు పాత జిగురు గీకి, నూనె జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. చుక్కను అగ్గిపుల్లతో చుట్లకే అంటించాలి. కీలు వాషర్లకు తగిలితే బ్లేడు బిగుసుకుపోతుంది. బిగువు సరిచూసుకున్నాక 24 గంటలు కత్తిని తెరవకూడదు.

మాదిరి ప్రశ్నలు

1. థ్రెడ్‌లాకర్ గట్టిపడటానికి అవసరమైనది? ఎ) తేమ బి) అతినీలలోహిత కిరణాలు సి) గాలి లేకపోవడం, లోహ అయాన్లు డి) వేడి. జవాబు: సి. తేమ అన్న ఎంపిక సయనోఅక్రిలేట్‌తో కలగాపులగం చేయడానికే పెడతారు.

2. యుంకర్ పరీక్షలో బోల్టుకు ఇచ్చే కంపనం? జవాబు: అక్షానికి లంబంగా, అడ్డంగా.

3. బిగించే టార్క్‌లో బోల్టును సాగదీసి బిగువు పుట్టించడానికి ఉపయోగపడే వాటా సుమారు? జవాబు: 10 శాతం. తల కింద ఘర్షణకు దాదాపు 50, చుట్ల ఘర్షణకు 40 పోతాయి.

4. థ్రెడ్‌లాకర్ సీసాను నిండా నింపరు. ఎందుకు? జవాబు: లోపల ఆక్సిజన్ ఉంటేనే ద్రవం ద్రవంగా నిలుస్తుంది. సీసాను గాలి చొరబడే తక్కువ సాంద్రత పాలిథీన్‌తో చేసేదీ ఇందుకే. సగం ఖాళీ సీసా చేతికొస్తే దుకాణదారుతో తగాదా పెట్టుకోనక్కర్లేదు.