ఈ-మెయిలు సర్వరు నిర్వహణలో శిక్షణ

ఈ-మెయిలు సర్వరు సంస్థకు తపాలా కచేరి వంటిది. ఈ పని నేర్వగోరు యువకులకు తొలి పాఠము ఎమ్.ఎక్స్. నమోదు. సంస్థ ఉత్తరములు ఏ సర్వరునకు చేరవలయునో లోకమునకు తెలుపునది అదియే. అందొక అక్షరము తప్పినను ఉత్తరములు దారి తప్పును. పిమ్మటిది కాపలా. తెలియనివారి ఉత్తరములను సైతము బయటికి పంపు సర్వరును మోసగాండ్రు వాడుకొందురు. తక్కిన సర్వర్లు దానిని వెలివేయును.

సర్వరు ఒకపూట ఆగినచో భయపడనక్కరలేదు. పంపిన సర్వరు ఉత్తరమును తనయొద్ద నుంచుకొని సాధారణముగా నాలుగైదు దినములు మరల మరల ప్రయత్నించును. చేరిన ఉత్తరములున్న డిస్కు చెడినచో మాత్రము నకలే దిక్కు. నకలు తీయుట అందరును నేర్చెదరు; దానినుండి ఉత్తరములను మరల నిలబెట్టుట అభ్యసించువారు అరుదు. శిక్షణలో ఒక దినమంతయు దీనికే కేటాయింపదగును.

ఎక్స్ఛేంజి 2016, 2019 సర్వర్లకు మైక్రోసాఫ్టు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. వానిని మార్చబూనువారు ముందు నకలును పరీక్షించుకొనవలయును.