ఇంటి పిల్లి హఠాత్తుగా చనిపోయినప్పుడు

మా ఆదిలాబాదు ప్రత్తి పల్లెలలో ఇంటి పిల్లి రాత్రి బాగుండి తెల్లవారేసరికి చచ్చి పడియుండినయెడల, "ఎవరు మందు పెట్టిరి?" అని పొరుగువానిని అనుమానింతురు, చేతబడి యనువారును కలరు. పురుగుమందు తగిలియుండవచ్చును. అయితే గుండె కండరము దళసరియగు జబ్బుచేత, బయటికి ఏ గుర్తును లేకయే పిల్లులు హఠాత్తుగా చచ్చుట కలదు. కోసి చూడనిదే అది తేలదు. యోహాను 9లో పుట్టుగ్రుడ్డివానిని గూర్చి ఎవరి పాపమని శిష్యులడుగగా, ప్రభువు ఎవరిమీదను నేరము మోపలేదు. మనమును ఋజువు లేనిదే మోపకూడదు.

ఏడ్చు బిడ్డను "పిల్లికొరకా?" అని గద్దింపకుడి. మన బైబిలులో ఇంటి పిల్లి ప్రస్తావన లేదు, నిజమే. గాని నాతాను ఉపమానములోని బీదవాడు గొఱ్ఱెపిల్లను కుమార్తెవలె పెంచెను (2 సమూయేలు 12). రెండు కాసులకు ఐదు వచ్చు పిచ్చుకలలో ఒక్కదానిని సైతము దేవుడు మరువడని ప్రభువే చెప్పెను (లూకా 12). బిడ్డతో కలిసి గుంట త్రవ్వుడి. అనుమానించిన పొరుగింటికి ఆ సాయంకాలమే వెళ్లి మాటాడుడి.