జాతర నెల చూసి కిస్తీకి సంతకం పెట్టొద్దు

పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు దేవుడు మేడారం జాతరకు బయలుదేరాడంటే గంగారం, కొత్తగూడ మండలాల్లో ఖాళీ ఆటో కనబడదు. బెల్లం, కోళ్లు, కొబ్బరికాయలు అమ్మే దుకాణాల ముందు పొద్దుగూకేదాకా జనమే. జాతర నాలుగు రోజులు ఆటో తోలిన మనిషి చేతిలో మామూలు నెల సంపాదన కంటే ఎక్కువే ఉంటుంది. ఆ డబ్బు చూసుకుని ఆ వారంలోనే రెండో ఆటోకు ఫైనాన్స్ కాగితాల మీద సంతకం పెట్టినవాళ్లను చూశాను. కిస్తీలు మూడేళ్లు కట్టాలి. జాతర మళ్లీ రెండేళ్లకు గానీ రాదు. వాన పడి సవారీలు తగ్గిన నెలలో ఆ ఇంట్లో జరిగే మాటలు విన్నాక, ఈ సంగతి వివరంగా రాయాలనిపించింది.

దేశం ఆర్థికంగా ఎటు పోతోందో చెప్పే పెద్ద లెక్క జీడీపీ. అది మూడు నెలలకోసారి, అదీ ఆ మూడు నెలలు గడిచిన రెండు నెలలకు వస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు లాక్‌డౌన్ దెబ్బకు జీడీపీ 23.9 శాతం పడిపోయిందని ప్రభుత్వం ప్రకటించింది ఆగస్టు 31న. అప్పటికి అడ్డా మీది కూలీ పని పోయి అయిదు నెలలు. అయితే ఆ పడిపోవడం ముందే కనబడింది. కరెంటు వాడకం తగ్గిందని ఏ రోజుకారోజు లెక్కల్లో తెలిసింది. కంపెనీల కొనుగోలు మేనేజర్లను అడిగి కట్టే పీఎంఐ సూచీ, సేవల రంగానికి ఏప్రిల్ నెలలో 5.4కు దిగిందని మే మొదటి వారంలోనే తెలిసింది. ఆ సూచీలో 50 దాటితే పోయిన నెల కంటే పని పెరిగిందన్నవాళ్లు ఎక్కువని, 50కి దిగువనైతే తగ్గిందన్నవాళ్లు ఎక్కువని. 5.4 అంటే దాదాపు అందరూ తగ్గిందనే చెప్పారు. ఇలా త్వరగా చేతికొచ్చే లెక్కలనే ఇప్పుడు బ్యాంకులు, పెట్టుబడిదారులు, రిజర్వు బ్యాంకు రోజూ చూస్తుంటారు. అవి రహస్యాలేం కావు, మన ఫోన్లోనూ దొరుకుతాయి. వాటిని మన బతుకుతెరువుకు ఎలా ముడిపెట్టుకోవాలన్నదే అసలు పని.

ముందు సొంత లెక్కతో మొదలుపెట్టండి. కిరాణం కొట్టులో డబ్బులు పడ్డాయని అరిచే స్పీకర్ డబ్బా ఉందంటే, దాని వెనక రోజువారీ లెక్క ఉన్నట్టే. నెలకోసారి ఆ యాప్ తెరిచి ఎన్నిసార్లు డబ్బు పడింది, మొత్తం ఎంత అన్న రెండు అంకెలే నోటుబుక్కులో రాసుకోండి. పక్కనే మూడో అంకె, ఉద్దెర ఖాతా మొత్తం. ఈ మూడో అంకె చాలా ముఖ్యం. అమ్మకం పెరిగినట్టు కనబడుతూ ఉద్దెర అంతకంటే వేగంగా పెరుగుతుంటే, ఊళ్లో చేతిలో డబ్బు ఆడటం లేదని అర్థం. ఆటో తోలేవాళ్లు రోజుకు ఎన్ని సవారీలు, డీజిల్‌కు ఎంత పోయిందన్నవి రాస్తే చాలు. యూపీఐ మొత్తం పెరిగిందని మాత్రం మురిసిపోకండి. 2016లో మొదలైన యూపీఐ 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే 2,000 కోట్ల లావాదేవీలు దాటింది. అందులో కొంత నిజంగా పెరిగిన వ్యాపారం, కొంత నోట్లు ఇచ్చే చేతులు ఫోన్‌కు మారడం. నగదూ ఫోనూ కలిపి చూస్తేనే మన కొట్టు సంగతి తెలుస్తుంది.

ఇక పోల్చడం. చాలామంది పొరపడేది ఇక్కడే. మామూలుగా ఈ నెలను పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చాలంటారు. మైదాన ప్రాంతంలో అది నడుస్తుంది గానీ మన దగ్గర కుదరదు. మేడారం మహాజాతర 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. 2025 ఫిబ్రవరిలో మహాజాతర లేదు. ఆ రెండు ఫిబ్రవరులను పక్కపక్కన పెడితే గిరాకీ కూలిపోయినట్టు కనబడుతుంది, నిజానికి కూలిందేమీ లేదు. పోనీ రెండేళ్ల కిందటి నెలతో పోలుద్దామంటే, 2026లో జాతర జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. మాఘ పౌర్ణమి తేదీ మారితే జాతర తేదీ కూడా మారుతుంది. కాబట్టి జాతర వారాన్ని జాతర వారంతోనే పోల్చండి, మిగతా నెలల్ని జాతర తీసేసి పోల్చండి. దసరా, దీపావళి కూడా ఒక ఏడాది ఒక నెలలో, మరో ఏడాది ఇంకో నెలలో పడతాయి. అందుకే దేశం మొత్తం లెక్క చెప్పేవాళ్లు కూడా పండుగ నెలల్ని కలిపి చూస్తారు. తునికాకు డబ్బు ఎండాకాలంలో చేతికొస్తుంది, పత్తి డబ్బు దసరా తర్వాత వస్తుంది. ఈ రెండు రాకల్ని నోటుబుక్కులో పైనే గుర్తు పెట్టుకుంటే మిగతా నెలల ఎత్తుపల్లాలు వాటంతటవే అర్థమవుతాయి.

పత్తి ధర మన ఏజెన్సీకి అన్నిటికంటే ముందు మోగే గంట. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో క్వింటా ధర దిగితే, ఆ దెబ్బ నెల తిరిగేసరికి గంగారం కొట్టు ఉద్దెర పుస్తకంలో కనబడుతుంది. 2025 ఆగస్టు 19 నుంచి కేంద్రం విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసి, ఆ వెసులుబాటును డిసెంబరు 31 దాకా పొడిగించింది. అప్పటికి మన చేలల్లో పత్తి ఇంకా పగలలేదు. ఆ వార్త చదివిన ఎరువుల కొట్టు యజమాని అప్పుడే అనుకోవాలి, ఈసారి బాకీలు ఆలస్యంగా వస్తాయని. పొడవు పింజ పత్తికి ఆ ఏడాది మద్దతు ధర 8,110 రూపాయలు. అది పూర్తిగా దక్కాలంటే పత్తి కొనే సీసీఐ కేంద్రంలో తేమ 8 శాతం మించకూడదు. 8 నుంచి 12 శాతం దాకా ఉంటే ధరలో కోత పడుతుంది, 12 దాటితే కొనరు. వానలో తడిసిన పత్తికి ఆ ధర అందదు. కాబట్టి కాగితం మీది ధరతో పాటు పత్తి ఏరే వారాల్లో వాన ఎంత పడిందో కూడా రాసుకోండి. ధర రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఖమ్మం మిర్చి మార్కెట్లో జెండా పాట అంటే ఆ రోజు పలికిన మేలు సరుకు ధర. పేపర్లో వచ్చేది అదే. రైతులందరికీ అది దక్కదు. మీ ఊరివాళ్లు ముగ్గురు నలుగురు ఏ ధరకు అమ్ముకొచ్చారో అడిగి, ఆ ధరే రాసుకోండి.

నర్సంపేట, వరంగల్, హైదరాబాద్‌లలో ప్రైవేటు ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకు ఒక మాట. దేశంలో నిరుద్యోగం ఎంతో 2025 మే నుంచి కేంద్రం నెలనెలా చెబుతోంది. మంచిదే, కానీ మీ కంపెనీ సంగతి అందులో ఉండదు. అది తెలియాలంటే పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. ఒక నెల జీతం మీది పీఎఫ్ మరుసటి నెల 15వ తేదీలోపు యజమాని కట్టాలి. రెండు నెలలు వరసగా పడలేదంటే కంపెనీకి చేతిలో డబ్బు లేదన్న అనుమానం న్యాయమే. కంపెనీ బిల్లు మీద 15 అక్షరాలు, అంకెల జీఎస్టీ నంబరు ఉంటుంది. జీఎస్టీ వెబ్‌సైట్లో ఆ నంబరు కొడితే రిటర్నులు దాఖలు చేస్తున్నారా, ఆపేస్తే ఏ నెల నుంచి ఆపేశారు అన్నది ఎవరికైనా కనబడుతుంది. కొత్త ఉద్యోగంలో చేరేముందు ఈ పది నిమిషాల పని తప్పకుండా చేయండి. జీతం ఒకటో తేదీ నుంచి అయిదుకు, అయిదు నుంచి పన్నెండుకు జరుగుతుంటే ఆ తేదీలూ రాసి పెట్టుకోండి.

భూపాలపల్లి గనుల్లో, చెల్పూరు కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవాళ్లు గ్రిడ్ వాళ్ల రోజువారీ కరెంటు లెక్క చూస్తే ఉపయోగం. యాసంగి వరి మోటార్లు ఆడే మార్చిలో తెలంగాణ డిమాండ్ గరిష్ఠానికి ఎక్కడం మామూలే. ఆ పెరుగుదల దేశం బాగుపడటానికి గుర్తు కాదు, చేలకు నీళ్లు పెట్టడానికి గుర్తు. వానాకాలంలో మోటార్లు ఆగి వాడకం దిగితే దాన్ని మాంద్యం అనుకోనక్కర్లేదు.

దేశం లెక్కల్లో రెండు మూడు చూస్తే చాలు. నెల మొదట్లో జీఎస్టీ వసూళ్లు, పీఎంఐ, పన్నెండో తేదీన ధరల పెరుగుదల. ఒక్క నెల అంకెతో ఏ నిర్ణయమూ తీసుకోకండి, మూడు నెలలు ఒకే వైపు నడిస్తేనే నమ్మండి. 2025 సెప్టెంబరులో ఏం జరిగిందో గుర్తుందా? జీఎస్టీ తగ్గుతుందని ఆగస్టు 15నే తెలియడంతో బండి కొనేవాళ్లు ఆగిపోయారు. షోరూములు వెలవెలబోయాయి. సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బైకుల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి, ట్రాక్టర్ల మీద 12 నుంచి 5 శాతానికి దిగగానే జనం విరగబడ్డారు. ముందు మూడు వారాలు చూసి భయపడినవాళ్లూ, తర్వాతి వారం చూసి సంబరపడినవాళ్లూ ఇద్దరూ పొరబడ్డట్టే. పైగా దేశవ్యాప్తంగా బండ్ల రిజిస్ట్రేషన్ లెక్క చెప్పే వాహన్‌లో చాలా ఏళ్లు తెలంగాణ కలవనే లేదు. అంకె ఎవరిని లెక్కబెట్టిందో, ఎవరిని వదిలేసిందో అడగడం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు మళ్లీ ఆ రెండో ఆటో దగ్గరికి. నోటుబుక్కులో రెండేళ్ల పేజీలు ముందేసుకోండి. జాతర నెల మీద అడ్డంగా గీత కొట్టండి. మిగిలిన నెలల్లో అన్నిటికంటే తక్కువ మిగిలిన మూడింటిని తీసి, వాటి సగటు కట్టండి. ఇంటి ఖర్చు తీసేశాక ఆ సగటులోంచి కిస్తీ వెళ్లగలిగితే బండి తీసుకోవచ్చు. వెళ్లకపోతే ముందు కట్టే సొమ్ము పెంచి కిస్తీ తగ్గించుకోవాలి, లేదా ఇంకో పంట దాకా ఆగాలి. మా వైపు ఆ మూడు నెలలు ఎక్కువగా జూలై, ఆగస్టు, సెప్టెంబరులలోనే పడతాయి. నాట్లు అయిపోయి కైకిలి తగ్గుతుంది, పత్తి ఇంకా పూతలో ఉంటుంది, తునికాకు డబ్బు విత్తనాలకూ బడి పుస్తకాలకూ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఆగస్టులో రోజుకు ఎన్ని సవారీలు దొరికాయో రాసిన పేజీ మడత పెట్టుకుని, ఫైనాన్స్ ఆఫీసుకు దాన్ని వెంట తీసుకెళ్లండి.