బుల్లెట్‌కు బోరు పెంచుదామా?

‘బోరు’ అనే మాటకు మన కృష్ణా డెల్టాలో మూడు అర్థాలున్నాయి. కాలువ నీరు అందని శివారు రైతుకు బోరంటే పొలంలో దింపే గొట్టం. మధ్యాహ్నం క్లాసులో కూర్చున్న విద్యార్థికి బోరంటే ఏమిటో ఇక్కడ రాస్తే మన లెక్చరర్లు నొచ్చుకుంటారు. మూడోది ఆటోనగర్ బోరు, అనగా ఇంజను సిలిండరు లోపలి వ్యాసం. ఆ వ్యాసం గురించే ఈ వ్యాసం. ఇది రెండో రకం బోరు కాకుండా చూసే పూచీ నాది.

సంగతేమిటంటే, మా నాన్నగారి పాత బుల్లెట్ 350 ఇప్పుడు మా తమ్ముడి చేతికొచ్చింది. వాడు ఈ కాలేజీ విద్యార్థే. వారానికోసారి విజయవాడ నుంచి కరకట్ట రోడ్డు మీదుగా అవనిగడ్డ దగ్గరి మా ఊరు వెళ్ళివస్తాడు. ఈ మధ్య బండి నీలం పొగ వదులుతోంది, పిస్టన్ టకటకా కొడుతోంది. “అన్నయ్యా, ఎలాగూ ఇంజను విప్పాలి కదా, 500 బ్యారెల్ వేయించేద్దాం. రూములో అందరూ అదే అంటున్నారు” అన్నాడు. ఖర్చు పెట్టాల్సింది అమ్మ మినుములు అమ్మి దాచిన డబ్బు. వాడి ఆఖరి సెమిస్టరు ఫీజు కూడా అందులోంచే కట్టాలి. కాబట్టి రూములోవాళ్ళ మాట పక్కనపెట్టి కాగితం, పెన్సిలు తీశాము.

రెండు పనులు వేరు

ముందు ఒక పొరపాటు తీర్చుకుందాము. సిలిండరు గోడ అరిగినప్పుడు దాన్ని కొద్దిగా కోసి, కాస్త పెద్ద పిస్టన్ వేస్తారు. మేస్త్రీలు ‘బోరు చేయించడం’ అనేది దీన్నే. ఇది మరమ్మతు. అసలు కొలతే మార్చి ఇంజను సామర్థ్యం పెంచడం వేరే పని. బుల్లెట్ 350 బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ. బోరును వర్గం చేసి 0.7854తోను, స్ట్రోకుతోను గుణిస్తే 346 సి.సి. వస్తుంది. అర మిల్లీమీటరు ఓవర్‌సైజు వేస్తే 351. పెరిగింది అయిదు సి.సి.లే. ఎవరికీ తెలియదు.

పాత బుల్లెట్ 500కు కూడా స్ట్రోకు 90 మి.మీ.యే. బోరు మాత్రం 84. అదే లెక్క వేస్తే 499 సి.సి. బోరు పెరిగింది 20 శాతం, సి.సి. పెరిగింది 44 శాతం! వ్యాసం వర్గమవుతుంది కనుక ఇదంతా. మా తమ్ముడి మొహం వెలిగిపోయింది. “చూశావా, దాదాపు సగం బలం ఎక్కువ!” అన్నాడు.

సి.సి. వేరు, శక్తి వేరు

ఇక్కడే అందరం బోల్తా పడతాము. పోత ఇనుప బ్యారెల్ రోజుల్లో కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం 350 శక్తి 18 అశ్వశక్తి, 500 శక్తి 22. అంటే 22 శాతమే ఎక్కువ. తక్కిన పెరుగుదల ఎటు పోయింది? సిలిండరు పెద్దదైనంత మాత్రాన అది గాలి పీల్చే దారి, అంటే వాల్వులు, కార్బురేటరు, అదే దామాషాలో పెరగవు. ముక్కు అదే ఉంచి ఊపిరితిత్తులు పెంచితే పరుగు అంతగా పెరగదు. అది కూడా కంపెనీ సమంగా రూపొందించిన ఇంజను సంగతి. మనం బ్యారెల్, పిస్టన్ మాత్రమే మారిస్తే ఆ లాభమైనా పూర్తిగా వస్తుందని నమ్మకం లేదు.

పోనీ 22 వచ్చిందే అనుకుందాము. వేగం పెరిగే కొద్దీ గాలిని తోసుకుపోవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పాటు పెరుగుతుంది. కనుక 22 శాతం అదనపు శక్తికి గరిష్ఠ వేగం ఏడు శాతమే పెరుగుతుంది. గంటకు 110 పోయే బండి 118 దాకా పోవచ్చు. సరే, పోవడానికి రోడ్డేదీ?

మనం వాడేది ఎంత?

ఇద్దరు మనుషులతో కలిపి బండి 300 కిలోలనుకుని, టైర్ల నిరోధానికీ గాలి నిరోధానికీ మామూలు విలువలు వేసి లెక్క కట్టాను. చదును రోడ్డు మీద 60 కి.మీ. వేగానికి చక్రం దగ్గర కావలసింది మూడు అశ్వశక్తికి కాస్త పైన. 80కి సుమారు ఆరున్నర. కరకట్ట మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరు, పక్కన గేదెలు ఉన్నప్పుడు 60 పోవడమే గొప్ప. 18 ఉండగా మూడు వాడేవాడికి 22 ఎందుకు?

న్యాయంగా ఒక మాట చెప్పాలి. పెద్ద బోరులో అసలు లాభం వేగం కాదు, లాగుడు. 350 టార్కు 2.75 కిలోగ్రామ్-మీటర్లయితే 500ది 3.5. బరువుతో అరకు ఘాటు ఎక్కేవాడికి ఇది పనికొచ్చే సంగతే. మన డెల్టాలో మాత్రం కట్ట ర్యాంపు, వంతెన తప్ప ఎక్కడానికి ఏముంది?

ఒకటి మారిస్తే

అదే పీడనానికి పిస్టన్ మీద పడే బలం కూడా 44 శాతం పెరుగుతుంది. అది కనెక్టింగ్ రాడ్డు మీదా, బేరింగుల మీదా పడుతుంది. పెద్ద బ్యారెల్ కింది అంచు దిగాలంటే క్రాంక్‌కేసు నోరు కోయించాలి. ఒకసారి కోసిన లోహం తిరిగి రాదు. హెడ్డు, కార్బురేటరు, క్లచ్చి వరస పెడతాయి. కంప్రెషన్ 7.25 ఉన్న 350 ఇంజనులో దహనగది పాతంతే ఉంచి సి.సి. 499 చేస్తే నిష్పత్తి పదికి చేరుతుంది. గాలితో చల్లబడే పాత ఇంజను మే నెల బెజవాడ ఎండలో దాన్ని తట్టుకోవడం కష్టం. నాకింగ్ మొదలై పిస్టన్ పట్టేస్తుంది.

బ్రేకుల సంగతి మరీ ముఖ్యం. వేగం 80 నుంచి 96కి, అంటే 20 శాతం పెంచితే బ్రేకులు అణచవలసిన గతిశక్తి 44 శాతం పెరుగుతుంది. బోరులో మనల్ని మురిపించిన వర్గమే ఇక్కడ ఎదురు తిరుగుతుంది. పాత డ్రమ్ము బ్రేకులకు ఈ లెక్క తెలియదు.

చట్టం కూడా ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే స్పష్టం చేసింది. సి.సి. ఆ పత్రంలో ఉంటుంది. పైగా 350 సి.సి. దాటితే థర్డ్ పార్టీ బీమా తరగతే మారుతుంది. 346 అని రాయించి 499 నడిపేవాడు ప్రమాదం జరిగిన రోజున ఏం జవాబు చెబుతాడు?

చివరికి చేసింది

బండిని ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి దగ్గరకు తీసుకెళ్ళాము. “బాబూ, బ్యారెల్ అమ్మితే నాకే లాభం. అయినా ముందు కొలవనివ్వండి” అన్నాడాయన. గేజితో పైనా, మధ్యా, కిందా, అటూ ఇటూ తిప్పి కొలిచాడు. అరుగుదల ఉంది గాని తర్వాతి ఓవర్‌సైజులో పోయేంతే. బోరు చేయించి కొత్త పిస్టన్, రింగులు వేయించాము. వాల్వులు కూర్చోబెట్టించాము. ముందూ వెనకా బ్రేకు షూలు, వెనక టైరు మార్పించాము. ఫీజు డబ్బు ఫీజుకే మిగిలింది.

తమ్ముడు రెండు వారాలు ముభావంగానే ఉన్నాడు. రన్నింగ్-ఇన్ అయ్యాక ఒక ఆదివారం ఊరు వెళ్ళొచ్చి, “అన్నయ్యా, గ్రిప్పు మీద సుద్దతో గీత పెట్టి చూశాను. 60లో పావు వంతు కూడా తిప్పడం లేదు” అన్నాడు. నా లెక్క కంటే వాడి సుద్దగీత నాకు ఎక్కువ నచ్చింది.

సోదర విద్యార్థులకు నా మనవి ఇంతే. బోరు పెంచాలనిపిస్తే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇప్పుడున్న శక్తిలో ఎంత వాడుతున్నాను? పెంచినదాన్ని ఆపగలనా? ఈ డబ్బు ఎవరిది? మూడింటికీ జవాబు దొరికాకే స్పానరు పట్టుకోండి.